రేకుల కప్పుకూ ఒక వాటా

(ఎస్.ఆర్. శంకరన్ స్మారకోపన్యాసం పాఠం)



ఐఏఎస్ అధికారిగా పనిచేసిన శంకరన్ గారు 2010 అక్టోబర్ 7న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆయన పేరు ఎత్తగానే మనకు గుర్తొచ్చేవి ఆయన నిరాడంబరత, జీతంలో అధికభాగం పేద పిల్లల చదువులకు ఇచ్చేయడం, పద్మభూషణ్‌ను సున్నితంగా వద్దనడం. సఫాయి కర్మచారుల పక్కన చివరిదాకా నిలబడ్డారు. ఇవన్నీ నిజాలే, ఎన్నిసార్లు చెప్పుకున్నా తక్కువే. కానీ వ్యక్తి గుణాలను మాత్రమే పొగిడి ఊరుకుంటే ఆయన మన చేతికి ఇచ్చిపోయిన పనిముట్టు ఒకటి తుప్పు పడుతుంది. 1970ల చివరలో రూపుదిద్దుకున్న స్పెషల్ కాంపోనెంట్ ప్లాన్ వెనుక ఆయన ఆలోచన ఉంది. దాని సారం చాలా సూటిగా ఉంటుంది. ఖర్చు పెట్టే ప్రతి శాఖలోనూ దళితుల వాటాను జనాభా లెక్కన ముందే తీసి పక్కన పెట్టాలి. అందరికీ అని రాసిన పథకం అందరికీ చేరదని ఆయనకు అనుభవంలో తెలుసు. ఆ ఆలోచనే నడిచి నడిచి 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఉప ప్రణాళిక చట్టమైంది. 2017లో తెలంగాణ దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మళ్లీ రాసుకుంది.

ఆ పనిముట్టును ఇవాళ నేను కొత్త చోట వాడి చూపదలచుకున్నాను. శేరిలింగంపల్లిలో కార్బన్ తగ్గించడానికి మునిసిపల్ వ్యవస్థ పెట్టే ప్రతి రూపాయిలో, ఎండకు కాలే ఇళ్లకు ముందే ఒక వాటా తీసిపెట్టాలి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా ఎందుకు, ఎలా అన్నదే.

ఈ ప్రాంతాన్ని కొంచెం గుర్తు చేసుకుందాం. 1998 నవంబర్‌లో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2003 ఆగస్టులో లింగంపల్లికి ఎంఎంటీఎస్ రైలు వచ్చింది. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లి మునిసిపాలిటీ మరో పదకొండు మునిసిపాలిటీలతో, ఎనిమిది గ్రామ పంచాయతీలతో కలిసి మహానగర పాలక సంస్థలో భాగమైంది. 2023 ఎన్నికల నాటికి ఈ ఒక్క నియోజకవర్గంలోనే ఏడు లక్షలకు పైగా ఓటర్లు ఉన్నారు. రాష్ట్రంలో ఇంతమంది ఓటర్లున్న నియోజకవర్గం మరొకటి లేదు. ఆ ఏడు లక్షల్లో అద్దాల మేడల్లో పనిచేసేవారూ ఉన్నారు, ఆ మేడలను ఊడ్చేవారూ, కాపలా కాసేవారూ, వాటిలోకి టిఫిన్లు మోసేవారూ ఉన్నారు. వీళ్లుండేది నానక్‌రాంగూడ తండా, గోపన్‌పల్లి తండా, సిద్దిఖ్ నగర్, పాపిరెడ్డి కాలనీ, సురభి కాలనీ లాంటి చోట్ల. పటంలో ఇవన్నీ ఐటీ కారిడార్‌కు కూతవేటు దూరం.

పేదవాళ్ల ఇంటికి మునిసిపాలిటీ నడిచి వెళ్లడం హైదరాబాద్‌కు కొత్త కాదు. దేశంలో పట్టణ సామాజికాభివృద్ధి కార్యక్రమం (యూసీడీ) తొలినాళ్లలోనే, 1967లో ఇక్కడ మొదలైంది. బస్తీలో కమిటీ వేసుకుని, బాల్వాడీ పెట్టుకుని, కుట్టుమిషన్ల కేంద్రం నడుపుకుని, జనమే సగం పని భుజానికెత్తుకున్న పద్ధతి అది. తర్వాత యునిసెఫ్ తోడొచ్చింది. 1980లలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో మురికివాడల అభివృద్ధి పథకం నడిచింది. ఇప్పటికీ కార్పొరేషన్‌లో యూసీడీ అంటే తెలియని పొదుపు సంఘం ఉండదు. కమ్యూనిటీ ఆర్గనైజర్, రిసోర్స్ పర్సన్, సంఘం అధ్యక్షురాలు, ఈ ముగ్గురూ అనుకుంటే గల్లీలో ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఎవరికి రేషన్ కార్డు లేదో, ఎవరి కప్పు కారుతోందో ఒక్క పూటలో చెప్పేస్తారు. 2023 డిసెంబర్ చివర ప్రభుత్వ పథకాల కోసం ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నప్పుడు ఆ వ్యవస్థ బలమేమిటో చూశాం.

ఇప్పుడు ఒక ఇంటి కరెంటు లెక్క చెప్తాను. దయచేసి ఓపికగా వినండి. నా వాదన అంతా ఈ లెక్కలోనే ఉంది.

2024 ఫిబ్రవరి 27న గృహజ్యోతి ప్రారంభమైంది. తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. 200 దాటితే దాటిన యూనిట్లకు మాత్రమే కడితే సరిపోదు, మొత్తం బిల్లు కట్టాలి. లింగంపల్లి స్టేషన్ అవతల ఒక బస్తీలో రెండు గదుల రేకుల ఇల్లు అనుకోండి. పాతరకం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. ఎండాకాలంలో రోజుకు 20 గంటలు తిరిగితే నెలకు 45 యూనిట్లు. రెండు ఫ్యాన్లకు 90. రెండు వందల వాట్ల కూలర్ 12 గంటలు నడిస్తే 72. చిన్న ఫ్రిజ్‌కు ఒక 35. బల్బులకు, టీవీకి, ఫోన్ల ఛార్జింగుకు ఒక 15. కూడితే 212. పన్నెండు యూనిట్ల తేడాతో వెయ్యి రూపాయల పైచిలుకు బిల్లు నెత్తిన పడుతుంది. అదీ ఏ నెలలో? ఎండకు పనులు తగ్గి, మేస్త్రీ కూలీలను సగం రోజులే పిలిచే మే నెలలో.

ఆ బస్తీలో ఒక ఇంటామె మీటరు పెట్టె ముందు నిలబడి నాతో అన్న మాట ఇది: "చలికాలం మొత్తం జీరో వస్తది సారూ. మాకు అక్కరున్న నెలలనే బిల్లొస్తది." ఆమె అద్దె ఇంట్లో ఉంటుంది. ఒకే మీటరు మీద మూడు గదులు, మూడు కుటుంబాలు. ముగ్గురి వాడకం కలిసి ఒకే లెక్కలో పడుతుంది కాబట్టి ఎండ నెలల్లో వారికి జీరో బిల్లు దక్కేలా లేదు. ఇంటి యజమాని సబ్ మీటరు చూసి యూనిట్‌కు ఇంతని వసూలు చేసుకుంటాడు. పథకం ఉద్దేశం మంచిదే, కానీ మీటరు దగ్గరికి వచ్చి ఆగిపోయింది, ఆ లోపలి గది దాకా రాలేదు.

ఆ ఇంట్లో రెండు పాత ఫ్యాన్లు తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే ఏమవుతుంది? ఒక్కోదానికి నెలకు 45 యూనిట్ల చోట 18 చాలు. రెండింటికీ కలిపి 54 యూనిట్లు మిగులుతాయి. 212 కాస్తా 158 అవుతుంది. బిల్లు మళ్లీ జీరో. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటు వెనుక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అంటే ఆ రెండు ఫ్యాన్లతో ఆ ఒక్క నెలలో 38 కిలోల ఉద్గారం తగ్గింది. వాడకం ఎలాగూ 200 లోపే ఉండే మిగతా నెలల్లో ప్రభుత్వం విద్యుత్ పంపిణీ సంస్థకు (డిస్కంకు) కట్టాల్సిన సబ్సిడీ కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఆ ఇంటికి సుఖం, ఖజానాకు ఆదా, గాలికి మేలు, మూడూ ఒకే ఫ్యాను కింద దొరుకుతున్నప్పుడు సంక్షేమం ఒక ఫైలులో, పర్యావరణం ఇంకో ఫైలులో ఎందుకుండాలి?

ఇక కప్పు సంగతి. ఫ్యాను గాలి చల్లగా ఉండాలంటే గదిలో గాలి చల్లగా ఉండాలి కదా. సిమెంటు రేకు కింద మధ్యాహ్నం రెండింటికి ఫ్యాను వేస్తే పైనున్న వేడినే కిందికి తోస్తుంది. పసిపిల్లను తడి బట్ట మీద పడుకోబెట్టి, గంటకోసారి ఆ బట్టను తడుపుతూ కూర్చునే తల్లులు ఈ సభలోనే ఉన్నారు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఎండలో పనిచేసేవాళ్లు, వయసు మళ్లినవాళ్లు, నీడలో ఉన్నా వేడి తప్పని ఇళ్లవాళ్లు.

కప్పుకు తెల్లపూత వేస్తే వేడి తగ్గుతుందని మన తాతలకు సున్నంతో తెలుసు. దాన్ని అంకెల్లో పెట్టిన చోటు మాత్రం ఈ గచ్చిబౌలే. ఇక్కడి ట్రిపుల్ ఐటీ పరిశోధకులు అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలతో కలిసి హైదరాబాద్ మహానగర ప్రాంతంలోని వాణిజ్య భవనాల మీద కొలతలు తీశారు. 2012లో అచ్చయిన ఆ పత్రం ప్రకారం, పూతలేని కాంక్రీటు కప్పును తెల్లబరిస్తే చల్లదనం కోసం అయ్యే కరెంటులో 10 నుంచి 19 శాతం ఆదా అవుతుంది. అంతకుముందే నల్లగా ఉన్న కప్పయితే 14 నుంచి 26 శాతం. చదరపు మీటరు కప్పుకు ఏటా 11, 12 కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. తర్వాత 2017 ప్రాంతంలో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ల కప్పుల మీద తెల్లని పొర పరిచి చూశారు. కార్పొరేషన్, ట్రిపుల్ ఐటీ, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ (ఆస్కీ), పర్యావరణ సంస్థ ఎన్ఆర్‌డీసీ కలిసి చేసిన పని అది. ఇంటి లోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనిపించవచ్చు. రాత్రి పదకొండుకు నిద్ర పట్టడానికీ, ఒంటిగంట దాకా పట్టకపోవడానికీ మధ్య ఉన్న తేడా అదే. తెల్లారి ఐదింటికి లేచి కొండాపూర్‌లో నాలుగిళ్ల అంట్లు తోమాల్సిన మనిషికి ఆ రెండు గంటల నిద్ర ఆరోగ్యం.

ఈ ప్రయోగాల ఫలమే 2023 ఏప్రిల్ 3న వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం. దేశంలో రాష్ట్ర స్థాయిలో ఇలాంటి విధానం తేవడంలో మనమే ముందు, అందుకు గర్వించాలి. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పు చల్లబరచాలని, అందులో 200 హైదరాబాద్‌లోనే ఉండాలని లక్ష్యం పెట్టుకున్నారు. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. ఇళ్ల విషయానికొస్తే 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టేవాటికి తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇళ్లకు ఇష్టమైతే వేసుకోవచ్చు.

ఈ చివరి వాక్యం దగ్గర శంకరన్ గారు తప్పకుండా ఆగేవారు. బస్తీలో ఇల్లు 60 గజాలు, 80 గజాలు. అంటే అందరికన్నా ఎక్కువ వేడి అనుభవించే ఇల్లే ఐచ్ఛికం జాబితాలో పడింది. విధానం రాసినవాళ్లకు పేదల మీద దయలేక ఇలా జరిగిందని నేననుకోను. చట్టంతో మెడ వంచగలిగింది ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) కావాల్సిన బిల్డర్‌నే. రేకుల ఇంటికి ఓసీ లేదు కాబట్టి బలవంతం చేసే దారీ లేదు. చేయకూడదు కూడా. పేద ఇంటి మీద నిబంధన విధిస్తే అది జరిమానా అవుతుంది. అక్కడ కావాల్సింది హక్కు.

కార్బన్ లెక్కలో ఉన్న లోతైన చిక్కు ఇక్కడే బయటపడుతుంది. వెయ్యి చదరపు మీటర్ల ఆఫీసు కప్పుకు పూత వేస్తే ఏటా 11, 12 టన్నుల ఉద్గారం తగ్గిందని కాగితం మీద చూపించవచ్చు, ఎందుకంటే కింద ఏసీలు నడుస్తున్నాయి. నలభై మీటర్ల రేకుల కప్పుకు వేస్తే తగ్గింది దాదాపు సున్నా. ఆ ఇంట్లో ఏసీ లేదు మరి. తగ్గించిన కార్బన్‌కే డబ్బు అనే నియమం పెట్టుకుంటే, ఇప్పటిదాకా ఎక్కువ మండించినవాడికే బహుమతి దక్కుతుంది. మండించడానికి స్తోమత లేనివాడికి పంచడానికి ఏమీ మిగలదు. ఇది మన ఊరి లోపం కాదు, ప్రపంచమంతటా కార్బన్ మార్కెట్లు ఇలాగే నడుస్తున్నాయి. సౌరవిద్యుత్తు సంగతీ అంతే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్‌లో మూడు కిలోవాట్ల ప్లాంటుకు కేంద్రం 78,000 రూపాయలు ఇస్తుంది. తీసుకోవాలంటే మామూలుగా సొంత కప్పు ఉండాలి, అది బరువు మోయాలి, పైన పెట్టుబడి పెట్టుకోగలగాలి. కిరాయి గదిలో ఉండేవాళ్లకు ఇందులో దారి దొరకడం కష్టం.

ఇంకోటి, ఆఫీసుల ఏసీలు గదుల్లోంచి లాగిన వేడిని బయటికే కదా ఊదుతాయి! ఆ వేడి గాలి పక్క బస్తీ మీదుగానే పోతుంది. ఆ బస్తీ ఇళ్లు పదేళ్లలో ఒక్కోటిగా ఏసీ కొనుక్కుంటాయి. కొనుక్కునే హక్కు వాళ్లకుంది, కొనవద్దని చెప్పే అర్హత మనకు లేదు. కప్పు ముందే చల్లబడి ఉంటే ఆ ఏసీ కొనే రోజు వెనక్కి జరుగుతుంది, కొన్నా తక్కువసేపు నడుస్తుంది. రేపటి ఉద్గారాన్ని ఇవాళే ఆపిన ఈ పని ఏ కార్బన్ ఖాతాలోనూ కనిపించదు. అందుకే ఇక్కడ సంక్షేమం కారణంగా డబ్బు రావాలి, కార్బన్ దాని వెంట వస్తుంది. ఇంగ్లండ్‌లో 2021 అక్టోబర్ నుంచి స్థానిక కౌన్సిళ్ల చేతికి హౌస్‌హోల్డ్ సపోర్ట్ ఫండ్ ఇచ్చి, తిండికి, కరెంటుకు, గ్యాస్‌కు కష్టపడే ఇళ్లను ఆదుకోమన్నారు. అక్కడి శత్రువు చలి, ఇక్కడ ఎండ. ఇంటి గుమ్మం దాకా వెళ్లగలిగేది కౌన్సిలే అన్న గుర్తింపు మాత్రం రెండు చోట్లా ఒకటే కావాలి. అంత దూరం ఎందుకు, అహ్మదాబాద్ కార్పొరేషన్ 2017లో మూడు వేల కప్పులకు తెల్లపూత వేయించింది. ఎక్కువ భాగం మురికివాడల ఇళ్లు.

డబ్బెక్కడిది అని అడుగుతారు. అడగాలి కూడా. 2020 అక్టోబర్‌లో మన కార్పొరేషన్ చట్టాన్ని సవరించినప్పుడు బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలని రాశారు. ఆ పది శాతంతో మొక్కలు, మీడియన్లు, పార్కులు వచ్చాయి. మంచి పని. కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌నూ, కంచ గచ్చిబౌలి చెట్లనూ ప్రాణం పెట్టి ప్రేమించేవాళ్లలో నేనొకణ్ణి. 2025 ఏప్రిల్ 3న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపించిన రోజు ఊపిరి పీల్చుకున్నవాణ్ణి. అయినా అడుగుతున్నాను. గజం ఖాళీ జాగా లేని బస్తీలో మొక్క ఎక్కడ నాటుతారు? అక్కడ కప్పే పార్కు. ఆ పది శాతంలో బస్తీ జనాభా వాటాను ముందే విడదీసి కప్పులకూ ఫ్యాన్లకూ కేటాయించండి. చట్టంలోని మాట అందుకు చాలకపోతే సవరించండి. శంకరన్ గారి పనిముట్టు ఉపయోగపడేది ఇక్కడే. పూతకు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు వేసుకుంటే, నలభై మీటర్ల ఇంటికి 12,000. మెప్పు కోసం నగరంలో పెట్టే ఒక్క ఫౌంటెన్ ఖర్చుతో ఎన్ని కప్పులు తెల్లబడతాయో లెక్క వేసుకోవచ్చు.

చెత్త గురించి కొంచెం చెప్పి మళ్లీ కప్పు దగ్గరికే వస్తాను. 2015లో స్వచ్ఛ ఆటోలు వచ్చాయి, ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం డబ్బాలు ఇచ్చారు. తడి చెత్త నగరం ఈ చివర నుంచి ఆ చివరనున్న జవహర్‌నగర్ దాకా డీజిల్ తాగుతూ పోయి, అక్కడ గాలి తగలకుండా కుళ్లి మీథేన్ అవుతుంది. ఇరవై ఏళ్ల వ్యవధిలో చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎనభై రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. ఐదు వేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీ తన తడి చెత్తను వీలైనంత వరకు తన ప్రాంగణంలోనే ఎరువు చేసుకోవాలని 2016 నిబంధనలు చెప్పాయి. చేసినచోట బాగుంది. చేయనిచోట ఆ కుళ్లును చేతులతో వేరు చేసేది ఆటో వెనుక నిలబడ్డ మనిషి, చాలాసార్లు డ్రైవర్ భార్య. సఫాయి కర్మచారుల కోసం జీవితం పెట్టిన మనిషి పేరు మీద ఇక్కడ కూర్చున్నాం. పెద్ద అపార్ట్‌మెంట్లలో తడి చెత్త విడిగా ఇవ్వకపోవడం చిన్న అలక్ష్యం కాదు, ఒక మనిషి చేతులకు చేసే అవమానం.

  

కప్పు పని ఎలా చేయాలో మాత్రం చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇలాంటివి చెడిపోయేది పనిలోనే. ముందు జాబితా. వార్డు ఆఫీసులో కూర్చుని తయారు చేయవద్దు, పొదుపు సంఘాల చేత గల్లీ గల్లీ తిరిగి చేయించండి. సొంత ఇల్లా, కిరాయా అని అడగండి కానీ కిరాయని తేలితే పేరు కొట్టేయకండి. పూత వేయించుకున్న యజమాని రెండేళ్ల దాకా ఆ పేరుతో కిరాయి పెంచనని సంఘం ముందు రాసివ్వాలి. రేకుల మీద పని తెలిసిన మేస్త్రీలనే ఎక్కించండి. రేకు మీద అడుగు వేయాలంటే కింది దూలాల మీద ఆనేలా పరిచిన పలకల మీదే వేయాలి. మధ్యలో కాలు పెడితే రేకు పగిలి మనిషి ఇంట్లో పడతాడు. పాత ఆస్బెస్టాస్ రేకును పొడిగా గీకకూడదు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషం. తడిపి, మెత్తటి బ్రష్‌తో కడిగి, ఆరాక పూత వేయాలి. ఇంత దుమ్ము లేచే ఊళ్లో తెల్లదనం ఏడాదిలో మాసిపోతుంది. కాబట్టి ప్రతి వేసవి ముందు ఒకసారి కడగడానికి సంఘానికి కూలి డబ్బులు అదే బడ్జెట్‌లో రాయండి. ఆ పని ఆ బస్తీ యువకులకే ఇవ్వండి. మొదటి ఏడాది ప్రతి గల్లీలో ఒక ఇంట్లో గోడకు థర్మామీటర్ పెట్టి, మధ్యాహ్నం రెండింటికీ, రాత్రి పదింటికీ సంఘం పుస్తకంలో రాయించండి. కరెంటు బిల్లులూ అదే పుస్తకంలో అంటించమనండి. రెండో ఏడాది డబ్బు అడగడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

టెండర్లు నవంబర్‌లో పిలిస్తే సంక్రాంతి తర్వాత పని మొదలవుతుంది, శివరాత్రి దాటాక ఎండ ముదిరేలోగా పూతలు ఆరిపోతాయి. ఏప్రిల్‌లో మంజూరు చేస్తే కాగితాలు కదిలేసరికి వానలొస్తాయి. ఈ సభకు వచ్చిన మునిసిపల్ అధికారులను చేతులెత్తి కోరుతున్నాను, వచ్చే బడ్జెట్ అంచనాల్లో ఈ వాటాను వేరే పద్దు కింద, వేరే పేరుతో రాయండి. ఆ పద్దులో ఎంత ఖర్చయిందో, ఎంత మిగిలిందో ప్రతి మార్చిలో బస్తీ కమిటీ ముందు చదివి వినిపించండి.